గంటకు ఎన్ని దోసెలు

ఆ ఉదయం రూపశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తిరుపతి నుంచి పీహెచ్‌డీ గైడు పరంధామయ్య పాకాలకు వస్తారు. ఆమె నాయన గోవిందయ్య రైల్వేస్టేషను ముందు నడిపే టిఫిన్ అంగడిలో కూర్చుని, గంటలో ఎన్ని దోసెలు తెమిలాయో చూస్తారు. ఆ సంఖ్య ఆమె లెక్కతో కలిస్తే థీసిస్‌పై సంతకం. కలవకపోతే ఐదేళ్ల చదువు గంగపాలు.

ఒకేసారి నడిచే పనులను బీజగణితంలా గుర్తుల్లో రాసి, ఎవరు ఎవరి కోసం ఎంతసేపు ఆగుతారో ముందే తేల్చడం ఆమె పరిశోధన. అంగడినీ అలాగే రాసింది. కంప్యూటరు మాత్రం 'గంటకు సున్నా' అంది. ఎక్కడో పొరపాటు జరిగిందని, తర్వాత సరిదిద్దుకుందామని ఆ పేజీని ఫైలు అడుగున దాచేసి, చేత్తో వేసిన అంచనానే పైన పెట్టింది.

ఇక అమ్మానాన్నలు ఏ రోజూ ఒక పద్ధతిలో పనిచేసిన పాపాన పోలేదు. అందుకని కాగితంలో ఉన్నట్టే చేయమని తెల్లారేసరికి ఇద్దరికీ నేర్పింది.

"నాయనా, అమ్మ ప్లేటులో సట్నీ ఏసి 'ఊ' అంటేనే నువ్వు దోసె తియ్యాల. అమ్మా, నాయన దోసె తీసి 'ఊ' అంటేనే నువ్వు సట్నీ ఎయ్యాల."

"అట్లే కానీ పాపా. నీ సదువు కంటే ఎక్కువా మాకు!" అన్నాడు గోవిందయ్య.

పరంధామయ్య వచ్చి ముందు బెంచీ మీద కూర్చుని వాచీ చూసుకున్నారు. గోవిందయ్య నాలుగు దోసెలు పోశాడు. అవి ఎర్రబడ్డాయి. గోవిందయ్య తన భార్య జ్ఞానాంబ వైపు చూశాడు. జ్ఞానాంబ గరిటె పైకెత్తి ఆయన వైపు చూసింది.

"ఊ అనవేమే?"

"నువ్వను ముందు. పాప అట్లనే కదా సెప్పింది!"

రూపశ్రీ కంగారుగా చేతులు ఊపింది. బాగా చేస్తున్నామని మెచ్చుకుంటోందనుకుని ఇద్దరూ ఇంకా బిగుసుకున్నారు. దోసెలు నల్లబడ్డాయి, పొగ కమ్మింది. రైలుకు టైమైపోతోందని జనం అరుపులు. ఆటో నడిపే దేవరాజులు ఆ పొగ చూసి, "సిలిండరు పేల్తాది, పరిగెత్తండప్పా!" అంటూ బిందెడు నీళ్లు పొయ్యి మీద కుమ్మరించాడు. జనం బెంచీలు తోసుకుని పరిగెత్తారు. ఆ తోపులాటలో పిండి గంగాళం బోర్లా పడింది.

ఆ గంటంతా పొయ్యి మళ్లీ వెలగలేదు.

"ఎన్ని దోసెలమ్మా?" అడిగారు పరంధామయ్య.

"ఒక్కటీ లేదు సార్," అంది రూపశ్రీ. ఏడుపు ఆగలేదు. చేతిలోని ఫైలు జారి కాగితాలన్నీ పిండిలో పడ్డాయి.

పరంధామయ్య వంగి అడుగు పేజీ తీసి చదివారు. ముఖం వెలిగిపోయింది. "ఇది దాచావెందుకు? ఒకరి కోసం ఒకరు ఆగి ఇద్దరూ కదలరని నీ లెక్క ముందే చెప్పింది! ముప్పై ఏళ్లలో ఇంత కచ్చితంగా కలిసిన లెక్క నేను చూడలేదు."

"అయితే మేం సరిగ్గానే సేసినామా సార్?" గోవిందయ్య భయపడుతూనే అడిగాడు.

"అద్భుతంగా చేశారు!"

సంతకం పెట్టేసి, పరంధామయ్య టిఫినుకు ఎదురు హోటలుకు వెళ్లారు.