చెరువులో మార్పు

మా ఊరి చెరువులో మార్పు వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. మార్పు అంటే చేప. అమ్మమ్మలు పులుసు పెట్టిన నాటు మార్పు కాదు. దాని పేరు పెట్టుకుని ఆఫ్రికా నుంచి వచ్చిన మీసాల చేప. దీన్ని పెంచకూడదని ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. అయితే మా ఊరికి వచ్చిన ఉత్తర్వులో ఇంగ్లీషు పేరే ఉంది.

"మనం పెంచేది మార్పండీ! మార్పుని ఎవరైనా నిషేధిస్తారా?" అని చెరువు సంఘం అధ్యక్షులు గోవర్ధనరావు గారు అడిగారు. సభ చప్పట్లు కొట్టింది.

కొత్త చేప కష్టజీవి. ముందు పరిగెల్ని ముగించింది. తరవాత జెల్లల్ని, బొమ్మిడాయిల్ని, ఆపైన కప్పల్ని. పేరు అరువిచ్చిన నాటు మార్పుని కూడా వదల్లేదు. "మన చేపలకి పోటీతత్వం లేదు" అని అధ్యక్షులు విచారం వెలిబుచ్చారు. ఈతకు దిగిన బాతుపిల్లలు ఒడ్డుకి రాకపోతే, వలస వెళ్ళాయని ప్రకటించారు.

ఇంతలో వారి అమ్మాయి వర్షిణి వేవిళ్ళతో పుట్టింటికి వచ్చింది. మంచినీళ్ళు కూడా ఇమడడం లేదు. మనిషి సగమైపోయింది. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చమంది డాక్టరు.

"బొమ్మిడాయిల పులుసైతే తింటానమ్మా. మామిడికాయ వేసి" అంది పిల్ల.

తల్లి ఝాన్సీలక్ష్మి గారు గుడివాడ వెళ్ళారు. దివిసీమ చుట్టాలకి ఫోన్లు చేశారు. అన్నిచోట్లా మార్పే వచ్చింది. చివరికి బందరు మార్కెట్లో మా చెరువు చేపలమ్మే జ్ఞానమ్మ పకపకా నవ్వింది.

"బొమ్మిడాయిలా? అయ్యగారి చేప మింగేసింది కదండీ అమ్మగారూ! దాని పొట్ట కోసి చూడమంటారా?"

ఇంటికొచ్చి ఆవిడ చేతిసంచీ భర్త ముందు పడేశారు. "ఏవండీ, మీ మార్పు నా కూతురి నోటికాడ ముద్ద మింగింది. రేపటికల్లా బొమ్మిడాయిలు తెస్తారా, హోటల్లో తింటారా?"

అధ్యక్షులు ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం ఏర్పాటు చేశారు. "సోదరులారా! కొరత చేపలకి కాదు, పేర్లకి. ఇకనుంచి మన చెరువులో జానెడు లోపు చేపలన్నిటినీ బొమ్మిడాయిలుగా గుర్తించాలని ప్రతిపాదిస్తున్నాను." తీర్మానం ఏకగ్రీవం.

మర్నాడు మామిడికాయ వేసి పులుసు పెట్టారు. వర్షిణి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. అది వేవిళ్ళ వల్లే తప్ప బొమ్మిడాయి వల్ల కాదని సంఘం స్పష్టం చేసింది. పిల్ల ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది, సెలైన్ ఎక్కుతోంది. ఊళ్ళో బొమ్మిడాయిలకి మాత్రం కొరత లేదు.

మీ ఊళ్ళో ఇంకా దొరుకుతున్నాయంటారా? చాలా సంతోషం. అక్కడా తీర్మానం అయ్యే ఉంటుంది.