ఏడో నంబరు వారి గాజు గది

ప్రిమ్‌రోజ్ వీధి ఏడో నంబరు ఇంటివారైన డెస్మండ్ హార్ట్‌నల్ దంపతులు తమ ఇంటికి కన్సర్వేటరీ, అనగా గాజు గది, చేర్చుకోవడానికి నిశ్చయించారని తెలియజేయడానికి వీధివారందరం సంతోషిస్తున్నాము. ఎండ ఎప్పుడొస్తుందో తెలియని ఇంగ్లండులో, వచ్చినప్పుడు పట్టుకోవడానికి పంజరం సిద్ధంగా ఉంచుకోవడం పౌరధర్మం.

కారణం డెస్మండ్ భార్య మ్యూరియల్ మోకాళ్లు. చలికాలంలో అవి వంగవు. రోజూ పొద్దున గంటసేపు వెచ్చగా ఎండలో కూర్చోమని డాక్టరు చెప్పాడు. ఆవిడ అడిగిందల్లా ఒక గాజు గోడ, దాని పక్కన ఒక కుర్చీ.

కంపెనీ మనిషి మూడు నమూనాలు తెచ్చాడు. విక్టోరియా రాణి మోస్తరు, ఎడ్వర్డు రాజు మోస్తరు, వట్టి వాలుకప్పు. మొదటి రెండింటికీ రాజవంశం ఉంది. మూడోదానికి ఎండ మాత్రమే ఉంది.

"వాలుకప్పుది చాలదూ? నాలుగు వారాల్లో అయిపోతుందట," అంది మ్యూరియల్.

"అయిపోతుంది. చూసినవాళ్లు సైకిళ్ల షెడ్డనుకుంటారు."

"అనుకోనీ. నా మోకాళ్లకి తెలీదుగా."

"నీ మోకాళ్లకి తెలీదు. బెరిల్‌కి తెలుస్తుంది," అన్నాడు డెస్మండ్.

బెరిల్ తొమ్మిదో నంబరు. ఆవిడకు ఇదివరకే విక్టోరియా గది ఉంది. వేసవిలో అందులో కొవ్వొత్తులు కరిగిపోతాయి, శీతకాలంలో పిల్లి కూడా అడుగుపెట్టదు. ప్రస్తుతం ఇస్త్రీ బల్ల ఒక్కతే అందులో నివసిస్తోంది. ఇందువల్ల ఆ గది పరువుకు ఏ భంగమూ కలగలేదు.

డెస్మండ్ విక్టోరియా నమూనా చూపించాడు. "అబ్బ, ఎంత ధైర్యం మీది!" అంది బెరిల్. ఈ దేశంలో ఆ మాటకు, ఇల్లు అమ్ముకుని వెళ్లిపొమ్మని అర్థం. నమూనా రద్దయింది. ఎడ్వర్డు నమూనా చూసి "చాలా ఆసక్తికరంగా ఉంది" అంది. అదీ రద్దయింది. ఇలా రెండు చలికాలాలు గడిచాయి. మ్యూరియల్ చేతికి కర్ర వచ్చింది.

చివరికి ముందు సగం విక్టోరియా, వెనక సగం ఎడ్వర్డు అని తేలింది. ఈ దేశంలో ఎండ వచ్చేది దక్షిణం నుంచే; అయితే అటు కడితే బెరిల్ వంటింటి కిటికీకి కనిపించదు కాబట్టి ఉత్తరానికి మార్చారు. "బాగుంది," అంది బెరిల్. డెస్మండ్ ఆనందం పట్టలేక రెండో కప్పు టీ తాగాడు.

ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం. పదిహేను మందిమి కోట్లు విప్పకుండా కేకు తిన్నాం.

"మిత్రులారా, గాజంటే ఒట్టి గాజు కాదు, అదొక జీవన విధానం!" అన్నాడు డెస్మండ్, పళ్లు టకటకలాడుతుండగా.

"ఎంత వెచ్చగా ఉందో!" అన్నాం అందరం. ఆ మాటలు నోటి ముందు పొగలా తేలాయి.

"డెస్మండ్, ఎండేదీ?" అంది మ్యూరియల్, మోకాళ్ల మీద రెండో రగ్గు కప్పుకుంటూ.

"అదుగో, వెనకింటి కప్పు మీద. ఇక్కణ్నుంచి ఎంత చక్కగా కనిపిస్తోందో చూడు!"

మర్నాడు పొద్దున మ్యూరియల్ కర్ర పట్టుకుని రోడ్డు దాటి బస్ స్టాపులో కూర్చుంది. మూడు గాజు పలకలు, ఒక వాలు రేకు, దక్షిణ ముఖం. ఏ రాజుకూ సంబంధం లేదు. బస్సు ఆగితే వద్దని చెయ్యూపేది. నెల తిరిగేసరికి కర్ర ఇంట్లో వదిలేసి రావడం మొదలుపెట్టింది.

ఇది వీధికి అప్రతిష్ఠ అని బెరిల్ గుర్తించింది. "సొంత గాజు గది ఉన్న మనిషి బస్ స్టాపులో కూర్చోవడమేంటండీ? పాపం, ఏ గొడవో అనుకోరూ?" అని ఇంటింటికీ తిరిగి, ఆ బస్ స్టాపు గాజు షెల్టరును తొలగించవలసిందిగా కౌన్సిలుకు విన్నపం రాయించింది. మొదటి సంతకం డెస్మండ్‌ది.

కాగితం బస్ స్టాపుకూ వచ్చింది. మ్యూరియల్ ఎండలో కూర్చునే, కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివింది.

"మీకు ఇబ్బందేం లేదు కదా?" అంది బెరిల్, పెన్ను అందిస్తూ.

"అయ్యో, అస్సలు లేదు," అని మ్యూరియల్ సంతకం పెట్టింది. మొహం మీద కాదంటే ఏం బాగుంటుంది?

దాని కింద సంతకం నాది. మీరైతే పెట్టకపోదురా?