జడ్జిగారి పచ్చి భోజనం

కుక్కకు వండి పెట్టడమంత పాపం ఈ లోకంలో ఇంకొకటి లేదు. ఈ సంగతి తెలియకుండా ఇన్నాళ్లు బతికినందుకు నేను సిగ్గుపడుతున్నాను. మీరు కూడా కాస్త సిగ్గుపడి, ఆ తర్వాత చదవడం మొదలుపెట్టండి.

నేను కళ్లజోళ్ల షాపు నడుపుకుంటున్నాను. నలుగురికీ చూపు సరిచేసి పంపుతాను గానీ, నా వంటింట్లో జరుగుతున్న ఘోరం మా అమ్మాయి చెప్పేదాకా నాకు కనపడలేదు.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. చెవులు వేలాడేసుకుని, నుదురు ముడతలు పెట్టుకుని, ఇరుపక్షాల వాదనలూ విని తీర్పు వాయిదా వేసినట్టు కూర్చుంటుంది. అందుకని అందరం దాన్ని జడ్జిగారు అంటాం. మాకు వండిందే తింటూ, మా సోఫా మీదే నిద్రపోతూ, ఎవరికీ శిక్ష వెయ్యకుండా వారు హాయిగా కాలక్షేపం చేస్తుండేవారు.

ఒకరోజు పొద్దున మా అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అది ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్స్ ఉంటే ఆఫీసులో ఉన్నట్టు, లేకపోతే ఇంట్లో ఉన్నట్టు మేం అర్థం చేసుకోవాలి. ఆ పూట ఇంట్లోనే ఉంది.

"నాన్నా, జడ్జిగారికి ఏం పెడుతున్నావ్?"

"అన్నం, గుడ్డు."

"గుడ్డు ఉడికించావా?"

"మరి?"

"వాడి ముత్తాతలు తోడేళ్లు నాన్నా. తోడేలు స్టవ్ వెలిగించడం ఎక్కడైనా చూశావా?"

చూడలేదు. ఆ మాటకొస్తే తోడేలు సోఫా మీద దిండు వేసుకోవడమూ, ఫ్యాను ఆపితే అలగడమూ కూడా నేను చూడలేదు. కానీ ఇంటర్నెట్ చదివిన పిల్లలతో వాదనకు దిగకూడదు. గిన్నె పక్కన పెట్టేశాను.

ఆ సాయంత్రం నుంచే మా ఇంట్లో పచ్చి ఆహార యుగం మొదలైంది. పచ్చి మాంసం, పచ్చి లివరు, మెత్తని ఎముకలు, వాటి మీద తురిమిన క్యారెట్టు. మంట తగిలితే పోషకాలు పారిపోతాయట. మనుషులకు మాత్రం పారిపోయినా ఫరవాలేదట. మనం ఎలాగూ పాడైపోయిన జాతే కదా!

దీనివల్ల కలిగిన లాభాలు ఇన్నీ అన్నీ కావు. ముందు ఫ్రిజ్ సంగతి చూడండి. ఇదివరకు అందులో పాలు, కూరగాయలు, నిన్నటి కూర, మొన్నటి కూర అన్నీ కలగాపులగంగా ఉండేవి. ఇప్పుడు ఎటు చూసినా డబ్బాలే. లివరు ఒక అర, గుండె ఒక అర, పేరు చెబితే మీరు భోజనం మానేసే భాగాలు ఇంకో అర. నా పెరుగు గిన్నె ఒక్కటీ తలుపు పక్కన, బస్సు మెట్టు మీద వేలాడే ప్రయాణికుడిలా నిలబడి ఉంటుంది.

మా బావమరిది ఒకసారి వచ్చి, మంచినీళ్ల కోసం తనే వెళ్లి ఫ్రిజ్ తెరిచాడు. తెరిచిన చేత్తోనే మూసి, అర్జెంటు పని గుర్తొచ్చిందని వెళ్లిపోయాడు. వస్తే భోజనం చేసి, నిద్రపోయి, టీ తాగి గానీ కదలని మనిషి! పచ్చి ఆహారం ఆరోగ్యానికి మంచిదని ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మా ఆవిడ ఒక స్కూల్లో హెడ్మిస్ట్రెస్. గుడ్డు పగలగొడితే పక్క గదిలో ముక్కు మూసుకునే మనిషి. అలాంటిది, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, చిన్న త్రాసులో లివరు ముక్కలు తూచి వేస్తుంటే చూసి నాకు కళ్లు చెమర్చాయి. వాసనకే కావచ్చు. కాలేజీ నుంచి జిమ్ముకీ, జిమ్ము నుంచి మంచానికీ తప్ప ఎటూ తిరగని మా అబ్బాయి, ఎముకల శాఖ తనంతట తానే తీసుకున్నాడు. సాయంత్రం గిన్నె పెట్టే వేళకు ముగ్గురూ ఎక్కడున్నా వచ్చేస్తారు. జడ్జిగారు ఒక ముక్క నోట కరుచుకోగానే ఫొటో తీసి, పచ్చి ఆహార ప్రేమికుల గ్రూపులో పెడతారు. లోకమంతా చప్పట్లు కొడుతుంది.

పశువుల డాక్టరు మాత్రం కొట్టలేదు. "పచ్చి మాంసంలో క్రిములుంటాయండీ. దానికే కాదు, మీకూ ప్రమాదం. ఉడికించి పెడితే ఏం పోతుంది?" అంది.

"ఆవిడవి పాతకాలం ఆలోచనలు నాన్నా," అని బయటికొచ్చాక మా అమ్మాయి తేల్చేసింది. ఆ డాక్టరమ్మకు మా అమ్మాయి కంటే వయసు తక్కువ.

ఇక నా సంగతి. మా ఇంట్లో రాత్రి వంట నాదే. ఆవిడకు స్కూలు పని ఎక్కువ, నాకు వంటంటే సరదా. షాపు కట్టేసి వచ్చి, వేడివేడిగా వండి, టేబుల్ మీద పెట్టి పిలుస్తాను. అందరూ వస్తారు. ఎవరి ప్లేటు వాళ్లు నింపుకుని వెళ్లిపోతారు. అమ్మాయి ల్యాప్‌టాప్ ముందుకు, అబ్బాయి ఫోను ముందుకు, ఆవిడ ఆన్సర్ పేపర్ల ముందుకు. తప్పు పట్టకండి. మనుషులు తినడంలో చూడ్డానికేముంది? ఫొటో తీస్తే ఒక్క లైకు రాదు.

కాబట్టి టేబుల్ దగ్గర నేనూ, జడ్జిగారూ మిగిలేవాళ్లం. వారు ఫొటో కోసం కరుచుకున్న ముక్కను మర్యాదగా గిన్నెలో వదిలేసి, నా కాలి మీద గడ్డం ఆనించి కూర్చునేవారు. ఆ గిన్నె ఖాళీ చేసి కడిగే పని కూడా నాదే. ఒకరోజు ఒక ముద్ద నా చేతిలోంచి జారింది. ఆ తర్వాతదీ జారింది. వయసు మీద పడుతోంది కదా, వేళ్లలో పట్టు తగ్గుతుంది.

కొన్నాళ్లకు జడ్జిగారి బొచ్చు నిగనిగలాడింది. గ్రూపులో అందరూ పచ్చి లివరు మహిమ అన్నారు. మా అమ్మాయి గ్రూపు వాళ్ల మీటింగులో దాని మీద ఒక ప్రసంగం కూడా చేసింది. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

కథ అడ్డం తిరిగింది టీకా వేయించిన రోజున. డాక్టరమ్మ జడ్జిగారిని తూకం మెషీన్ మీద నిలబెట్టి, అద్దాలు సర్దుకుని మరీ చూసింది. అవి నా షాపులోవే, తప్పు చూపించవు.

"బాగా బరువు పెరిగాడు. గిన్నెలోది కాక ఇంకేదో తిండి పడుతోంది వీడికి. ఎవరు పెడుతున్నారు?"

మా వాళ్లు ముగ్గురూ నావైపు తిరిగారు.

"ఏమండీ, మీరేనా?" అంది మా ఆవిడ.

"నేనా? నా ప్లేటులోది నాకే చాలదు," అన్నాను.

కాపీ కొట్టే పిల్లల్ని జీవితమంతా పట్టుకున్న మనిషి ఆవిడ. ఆ రాత్రి తన ప్లేటు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. పేపర్లు తేలేదు. నా చేతులే చూస్తూ తింది. నేను ఎడమ వైపు నుంచి ఒక ముద్ద జార్చాను. మర్నాడు ఆ పక్కన అమ్మాయిని కూర్చోబెట్టింది. రెండో పక్క అబ్బాయిని. ఫోను చూస్తే కాపలా చెడుతుందని ఫోన్లు వేరే గదిలో పెట్టించింది.

మొదట్లో నన్ను కాపలా కాస్తూ తినేవాళ్లు. తర్వాత ఒకరోజు మా అబ్బాయి ఉన్నట్టుండి, "కూర బాగుంది నాన్నా. కొత్తగా చేశావా?" అన్నాడు.

"నువ్వు చిన్నప్పట్నించీ తింటున్నదే," అన్నాను.

ఇంకోరోజు మా అమ్మాయి ప్లేటులోకి చూస్తూ, తన టీములో సగం మందిని తీసేశారనీ, తన వంతు ఎప్పుడొస్తుందోనని కొన్ని నెలలుగా నిద్ర పట్టడం లేదనీ చెప్పింది. మా ఆవిడ నా చేతుల మీది చూపు తీసి దాని తల మీద చెయ్యి వేసింది. "ముందే చెప్పొచ్చు కదమ్మా," అంది. "ఎప్పుడు చెప్పను?" అంది అమ్మాయి. ఆ పూట కాపలా పూర్తిగా చెడింది. జడ్జిగారికి ఎన్ని ముద్దలు దక్కాయో వారికే తెలియాలి. మర్నాటి నుంచి నేనే తగ్గించుకున్నాను. రోజుకు ఒక్కటి, అదీ చిన్నది.

అలా కొన్ని వారాలు గడిచాక మళ్లీ తూకం వేయించారు. బరువు తగ్గింది. ఇంటికొచ్చాక మా ఆవిడ, "మీరు మారినట్టున్నారు. ఇక కాపలా అక్కర్లేదేమో," అంది.

అమ్మాయి ల్యాప్‌టాప్ వైపు చూసింది. అబ్బాయి ఫోను కోసం లేచాడు. ఆ రాత్రే, అందరూ చూస్తుండగా, గుడ్డు ముక్క ఒకటి కింద పడేశాను.

"మళ్లీనా నాన్నా?" అంది అమ్మాయి. కాపలా నిరవధికంగా పొడిగించారు.

అందుకే పాఠకులారా, మీ కుక్కలకు వెంటనే పచ్చి ఆహారం మొదలుపెట్టండి. ఆ తర్వాత మీరు వండింది చాటుగా పెట్టండి. పెట్టడం ముఖ్యం కాదు, దొరికిపోవడం ముఖ్యం.

ఆ రాత్రి పిల్లలు లేచి వెళ్లాక, మా ఆవిడ ప్లేట్లు తీస్తూ, నావైపు చూడకుండానే అంది:

"మరీ చిన్న ముక్క పడేశారు. అబ్బాయి కూర్చున్న వైపు అసలు కనపడలేదు. రేపు కాస్త పెద్దది పడేయండి."