రేడియోలో అలా చెప్పారు

రంగనాథ్ అబద్ధాలాడే మనిషి కాదు. రేడియోలో చెప్పారని మాత్రమే చెప్పేవాడు.

ఆయన జర్మనీలోని హానోవర్‌కి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఆఫీసులో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు కనుక ఆయన జర్మన్‌కి బేకరీ దాటి పోవలసిన పని పడలేదు. ఈ సంగతి ఆయనకూ బేకరీ వాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు. భార్య ఛాయాదేవి కాకినాడలో లెక్కల టీచరు ఉద్యోగం వదులుకుని ఏడాది క్రితమే వచ్చింది. తొమ్మిదేళ్లున్న మనిషికి భాష వచ్చే ఉంటుందని లెక్క వేసుకుంది.

2020 మార్చిలో ఆఫీసు ఇంటికొచ్చింది. ల్యాప్‌టాప్ వంటింటి బల్ల మీదికి చేరింది. ఆ బల్ల మీద అప్పటికే రేడియో ఉంది. రోజూ పదింటికి ఊరి రేడియోలో సోనియా అనే ఆవిడ గంటసేపు చర్చ నడిపేది. ఒకరోజు ఆరోగ్య కార్యాలయం డాక్టరు వచ్చేవాడు, ఒకరోజు మూతబడ్డ లైబ్రరీ ఉద్యోగి, ఒకరోజు పాడటానికి అనుమతి లేని పాటల బృందం. మధ్యలో ఊళ్లోవాళ్లు ఫోన్లు చేసి తగవులాడేవారు.

"ఏమంటున్నారండీ?" అని ఛాయాదేవి అడిగింది.

రంగనాథ్‌కి మాస్కు అన్న మాట తెలిసింది, కిటికీ అన్న మాట తెలిసింది. మాస్కు పెట్టుకోమంటున్నారనీ, కిటికీలు తీయమంటున్నారనీ చెప్పాడు. సోనియా ఇంకా మాట్లాడుతూనే ఉంది. అంత మాటకి ఇంతే అర్థమంటే బాగుండదనిపించి, ఇంటినుంచి పనిచేసేవాళ్లు భోంచేశాక గంటసేపు పడుకోవాలట అని చేర్చాడు.

ఆ మధ్యాహ్నం ఛాయాదేవి కర్టెన్లు వేసి, తన ఫోను సైలెంటులో పెట్టింది.

వారం తిరక్కుండా రేడియో నలభై దాటిన మగవాళ్లని సూపర్‌మార్కెట్ క్యూల్లో నిలబడొద్దంది. జూన్‌లో కాకరకాయ గొంతుకి మంచిది కాదంది. సెప్టెంబరులో ఒక ప్రొఫెసరు సాయంత్రం పూట పకోడీలు ఊపిరితిత్తులకి మేలన్నాడు. ఆ రోజు చర్చ సైకిల్ దారుల గురించి అని రంగనాథ్‌కి తెలియదు.

ఛాయాదేవి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ప్రొఫెసరు ఉల్లిపాయ పకోడీ అన్నాడా, పాలకూర పకోడీ అన్నాడా అని మాత్రం అడిగింది. రంగనాథ్ రేడియో దగ్గరికి చెవి పెట్టి, కాసేపు విని, "ఉల్లిపాయ" అన్నాడు.

2021 జూన్‌లో పక్క రాష్ట్రంలోని ఎష్‌బోర్న్ నుంచి ఊర్మిళ ఫోన్ చేసింది. ఆమె ఛాయాదేవికి ఒక్కగానొక్క చెల్లెలు. చెల్లెలి కాన్పుకి ఛాయాదేవి వెళ్లడం కుదరలేదు. ఆరు నెలలుగా బాబుని ఫోన్లోనే చూస్తోంది. వచ్చే శనివారం అన్నప్రాసన. మొదటి ముద్ద అక్కే పెట్టాలని ఊర్మిళ పట్టుబట్టింది.

రంగనాథ్‌కి ఊర్మిళతో పేచీ లేదు, బాబుతో అసలే లేదు. పేచీ తోడల్లుడు చంద్రకాంత్‌తో. స్నేహితులు ఆయన్ని జావ చంద్రకాంత్ అంటారు. ఇంటికొచ్చిన వాళ్లని ఐదున్నరకి లేపి, ప్రాణాయామం చేయించి, రాగిజావ తాగిస్తాడు. అందులో ఉప్పు వేయడు. రంగనాథ్ అంతకుముందు ఒక్కసారే వెళ్లాడు. మూడు రోజులు తాగాడు.

"రెండిళ్ల వాళ్లు కలవొచ్చేమో, రేడియోలో ఏమంటున్నారండీ?" అంది ఛాయాదేవి.

అప్పుడు రేడియోలో పాట వస్తోంది. రంగనాథ్ అది అయిపోయేదాకా విని తల అడ్డంగా ఊపాడు.

"రాష్ట్రం దాటకూడదట. ఆగస్టు దాకా."

"పాటలో చెప్పారా?"

"పాటకి ముందు."

ఛాయాదేవి "అలాగా" అని బియ్యం కడగడానికి లేచింది. ఆ పూట పప్పులో ఉప్పు లేదు. రంగనాథ్ అడక్కుండా తిన్నాడు.

మర్నాడు పదింటికి ఆయన పడకగదిలో మీటింగులో ఉన్నాడు. గోడ అవతల రేడియోలో ఎవరో ఆడమనిషి జర్మన్ మాట్లాడుతోంది. మాట జర్మన్‌ది, యాస కాకినాడది. వంటింట్లోకి వెళ్తే అక్కడ రేడియో ఒక్కటే ఉంది. బాల్కనీలో ఛాయాదేవి అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. అక్కడ అన్న మాటే ఇక్కడ వినిపిస్తోంది.

సోనియా ఆమెని ఎప్పటినుంచో తెలిసినదానిలా పేరుపెట్టి పలకరించింది. రంగనాథ్‌కి "మైన్ మాన్" అని వినిపించింది. నా భర్త అని ఆయనకి తెలుసు. తర్వాత పకోడా అని వినిపించింది. సోనియా నవ్వింది. మరోసారి మైన్ మాన్. ఈసారి ఎవరో మగమనిషి కూడా నవ్వాడు.

ఛాయాదేవి లోపలికొచ్చింది.

"నీకు జర్మన్ ఎప్పుడొచ్చింది?"

"రోజుకో గంట విన్నాను కదండీ. అక్టోబరుకి పట్టుబడింది. ఫోన్ చేయడం ఇది ఏడోసారి."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"రేడియోలో రోజూ అవే కేసుల అంకెలు. మీ వార్తలైతే ఏ రోజుకా రోజు కొత్తగా ఉండేవి. ఆపబుద్ధి కాలేదు." ఫోను బల్లమీద పెట్టింది. "నిన్నటిది మాత్రం బాగోలేదు. ఆ ముద్ద నేను పెట్టాలండీ."

రంగనాథ్ తల వంచుకుని తప్పయిందన్నాడు. ఆమె సరేనంది. ఇంతకీ వాళ్లేమన్నారని అడిగాడు.

"మీరూ విన్నారుగా."

అబద్ధాలు చెప్పానని ఒప్పుకోవడానికి రంగనాథ్ సిద్ధపడ్డాడు. జర్మన్ రాదని ఒప్పుకోవడానికి సిద్ధపడలేదు.

"విన్నాను. మధ్యలో మీటింగులో పేరు పిలిచారు, అక్కడ కొంచెం పోయింది."

"స్టూడియోలో ఆరోగ్య కార్యాలయం డాక్టరు ఉన్నాడు. ఆయన్నే అడిగాను. రెండిళ్ల వాళ్లు కలవొచ్చట. రాష్ట్రం దాటొచ్చట."

"సంతోషం."

"కార్లోనే వెళ్లాలట. భర్తే నడపాలట. వెళ్లినవాళ్లు రెండ్రోజుల్లో తిరిగిరావడం మంచిది కాదట, పది రోజులుండాలట. ఆఫీసు పని అక్కణ్ణుంచే చేసుకోవచ్చట. పొద్దున్నే లేచి ఊపిరి వ్యాయామం చేయాలని మరీ మరీ చెప్పాడు."

"ఎవరు, డాక్టరా?"

"డాక్టరే."

రంగనాథ్ రేడియో వైపు చూశాడు. సోనియా అప్పటికే వేరెవరితోనో మాట్లాడుతోంది. డాక్టరు మాటలు ఎక్కడ ఆగాయో, ఛాయాదేవి మాటలు ఎక్కడ మొదలయ్యాయో తెలుసుకోవడానికి ఒకటే దారి ఉంది. అర్థం కాలేదని చెప్పడం.

"అవునవును, నేనూ అదే విన్నాను" అని, బీరువా మీది సూట్‌కేసు దించడానికి కుర్చీ లాక్కున్నాడు.