సర్వేయరును నిచ్చెన ఎక్కించిన వృత్తాంతము

వానాకాలపు ముంగిట, ఆకాశమంతా కాటుక పులుముకుని కూర్చున్న ఒకానొక సంధ్యాసమయంలో, చండప్రచండ ప్రభంజనుడు ఊరి మీద విరుచుకుపడి, ఆరేసిన బట్టలను ధ్వజపటాలుగా ఎగరవేసి, దుకాణాల బోర్డులను రణభేరుల్లా మోగించి, పోతూ పోతూ డ్రైవింగ్ స్కూల్ మాస్టారి పెంకుటింటి వెనక వాలు మీద ఒక్క కాలు మోపి పోయాడు. ఆ పాదఘట్టనకు పెంకులు లేచిపోయాయి. వాటి కింద ఉన్నది సాక్షాత్తూ అత్తగారి గది.

వీరుడి వనవాసం అక్కడ ఆరంభమైంది. కురుస్తున్న గదిని విడిచిన అత్తగారు అల్లుడి పడకగదిని ఆక్రమించి, కూతురి పక్కన పవళించారు. ఎందరో భీరువుల చేత రద్దీ కూడళ్లు దాటించిన ధీరుడు, క్లచ్ తొక్కమంటే బ్రేకు తొక్కే శిష్యులను సైతం ఏనాడూ కసరని క్షమాసముద్రుడు, ఆరడుగుల ఆజానుబాహుడు అయిన మన మాస్టారు హాల్లోని సోఫాలో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ప్రశ్నార్థకంలా ముడుచుకుపోయాడు.

బీమా కంపెనీకి కబురు వెళ్లింది. గాలివానకు పగిలితే డబ్బిస్తామనీ, పాతబడి పగిలితే ఇవ్వమనీ, ఏది ఏదో తమ సర్వేయరు వచ్చి స్వహస్తాలతో ఫొటో తీస్తేనే తేలుతుందనీ, ఇంకెవరు తీసినా చెల్లదనీ వారు శాసించారు.

సర్వేయరు వేంచేశాడు. మడత నలగని చొక్కా, మెడలో గుర్తింపు కార్డూ కెమెరా, భుజాన తోలుసంచి. వీధిలో నిలబడి తలెత్తి చూశాడు. ముందు వాలు ముత్యంలా ఉంది.

“ఇక్కణ్ణుంచి ఏమీ కనబడటం లేదండీ. పాత ఇల్లు కదా, అరిగిపోయుంటాయి,” అని జేబులోంచి పెన్ను తీశాడు.

మాస్టారు ఆయన్ని ఇంటి వెనక్కి నడిపించి, గోడకు ఆనించిన నిచ్చెనను చూపించాడు. సర్వేయరు ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. తాను మేడమెట్లయినా గోడ పట్టుకునే ఎక్కుతాననీ, ఇన్నేళ్లుగా ఊళ్లో పైకప్పుల నష్టాలన్నీ నేల మీద నిలబడే తేల్చాననీ, ఈ సంగతి ఆఫీసులో తెలిస్తే తలెత్తుకోలేననీ గొణిగాడు.

వేరొక యోధుడైతే ఆ క్షణాన వాగ్బాణవర్షం కురిపించి, కంపెనీ పెద్దలకు చెబుతానని సింహనాదం చేసి ఉండేవాడు. మాస్టారికి మాత్రం ఎదుట శత్రువు కనబడలేదు. మొదటిరోజు స్టీరింగు పట్టుకున్న ప్రతి శిష్యుడి కళ్లలోనూ ఉండే భయమే కనబడింది. సోఫా పోట్లన్నీ మరిచిపోయాడు. గొంతు తగ్గించాడు.

“మీరు ఎక్కొద్దు సార్. ఊరికే మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టండి. నచ్చకపోతే తీసేద్దురుగాని. నేను పట్టుకునే ఉన్నా.”

అంతట సర్వేయరు, నిచ్చెనను కన్నతల్లిలా కావిలించుకుని, మెట్టు మెట్టుకూ మొక్కే దేవుణ్ణి మార్చుకుంటూ, ‘నెమ్మదిగా, తొందరేం లేదు, ఎదురుగా చూడండి’ అంటూ కింద నుంచి తేలివచ్చే మంత్రోపదేశమే ఆలంబనగా, ఆగుతూ, మళ్లీ కదులుతూ ఆరోహించగా, చిట్టచివరకు పెంకుల అంచున ఆయన బట్టతల ఉదయభానుబింబంలా పొడుచుకొచ్చింది.

“నిజమే మాస్టారూ. గాలికే లేచిపోయాయి,” అని పైనుంచి పీలగా వినిపించింది.

కాని ఫొటో తీయాలంటే ఒక చెయ్యి వదలాలి. ఏ చెయ్యి వదలాలో తేలక కాలం స్తంభించింది. కాకి ఒకటి వచ్చి పక్కనే వాలి, ఆయన్ని పరీక్షగా చూసి ఎగిరిపోయింది. అప్పుడు వంటింటి గుమ్మంలో, గరిటె గదాయుధంగా, అత్తగారు అవతరించారు.

“ఎలాగూ ఎక్కావు కదా నాయనా, తీసెయ్. దిగలేకపోతే భోజనం పైకే పంపిస్తాం.”

ఆ అభయప్రదానంలో ఏ భీతి తోచిందో గాని, కుడిచెయ్యి దానంతటదే ఊడివచ్చింది. కెమెరా టకటకా మోగింది.

అవరోహణ పర్వం సులువుగానే సాగింది. రివర్సులో వస్తున్నాననుకోమనీ, వెనక్కి చూసే పని తనకు వదిలెయ్యమనీ మాస్టారు చెప్పాడు. పాదం నేలను తాకగానే సర్వేయరు కాసేపు గడ్డిలో కూలబడి, తన అరచేతులను తానే చూసుకుని, పసివాడిలా నవ్వాడు. ఆ తరువాత ముఖం సవరించుకున్నాడు.

“గాలికి పోయినవి తొమ్మిదే మాస్టారూ. మిగతా బీటలు పాతవి. అబద్ధం రాయలేను.”

అది మాస్టారికీ తెలుసు. చెయ్యి కలిపాడు.

కంపెనీ ఒప్పుకుంది. తొమ్మిది పెంకులూ ఎక్కాయి. రాజ్యం తిరిగి దక్కుతుందని మాస్టారు పడకగది గుమ్మంలో నిలవగా, అత్తగారు కదల్లేదు. ఈ మంచం తన నడుముకు బాగా కుదిరిందనీ, ఇక తన పాత గదిని అల్లుడుగారే ఉంచుకోవచ్చుననీ సెలవిచ్చారు. ఓడినవాడిలా ఆయన వెనక గదికి చేరి, ఇరుకు మంచం మీద నడుం వాల్చాడో లేదో, భార్య దిండు చంకన పెట్టుకుని వచ్చింది.

“మా అమ్మ గురకతో ఇన్నాళ్లూ నిద్ర లేదండీ. కాస్త జరగండి.”

జరిగాడు. లోకులారా, ఆలకించండి! ప్రభంజనుడు కూల్చిన చోట, తొమ్మిదంటే తొమ్మిది కొత్త పెంకుల నీడన, సతీసమేతుడై, ఆ ఆజానుబాహుడు ఎట్టకేలకు కాళ్లు చాపుకున్నాడు.