వెనక సీటు కొలతలు

ఆ రోజు పొద్దున మాస్టరు పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్య బరువెంతో తెలుసుకోవాలి. అదీ ఆమెను అడక్కుండా.

ఆయన దర్జీ. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచి ఇతరుల నడుముల చుట్టూ టేపు తిప్పుతున్న మనిషి. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే టీచరు. ఆ ఇంట్లో మూడో ప్రాణి ఒక పాత టూరింగ్ మోటారు సైకిలు. ముందు గాలిని చీల్చే పెద్ద అద్దం, పక్కల రెండు పెట్టెలు, ఇద్దరు దర్జాగా కూర్చునే సీటు. దూరాలు వేగంగా పోవడానికే పుట్టిన బండి. మాస్టరు చేతికి వచ్చేసరికే అది నడివయసులో ఉంది. ఇప్పుడు కుదుపులు మింగాల్సిన దాని షాకులు పూర్తిగా చచ్చాయి. ఒకసారి గుంతలో పడితే, ఆ సంగతిని వీధి చివరిదాకా తలుచుకుని తలుచుకుని ఊగేది.

ఏడాదికోసారి ఆ బండి మీద సముద్రం ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ దాకా పోయి రావడం వాళ్లకు పెళ్లైనప్పటి నుంచీ అలవాటు. పోయినసారి తిరిగి వస్తుంటే ఒక స్పీడ్ బ్రేకర్ మీద వెనక చక్రం ధబ్బుమంది. ఆ దెబ్బకు ఆమె నడుం పట్టేసింది. వారం పాటు దిండు మీద కూర్చుని కారు పాఠాలు చెప్పింది. ఈ ఏడు ప్రయాణం మాట రాగానే ఆమె తేల్చేసింది.

"ఈసారి నేను అన్నయ్య కార్లో వస్తాను. మీరు మీ బండి మీద రండి."

"మీ బండి ఏంటి. మన బండి కదా."

"నడుం మాత్రం నాదేనండీ."

ఆ మాట మాస్టరు గుండెలో సూదిలా దిగబడి ఉండిపోయింది. వెనక కూర్చుని ఆమె ఆయన కుడి భుజం తడితే మెల్లగా పోవాలి, ఎడమ భుజం తడితే ఆపాలి. ఇన్నేళ్లలో ఆ చెయ్యి లేకుండా ఎక్కడ ఆగాలో ఆయన నేర్చుకోనే లేదు. ఖాళీ సీటు వేసుకుని సముద్రం దాకా పోవడం కన్నా బండిని పాత ఇనుముకు వేయడం నయమనిపించింది. వెంటనే మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

ఆ మెకానిక్‌ను అందరూ స్ప్రింగు మేస్త్రి అంటారు. ఇంజను పాడైన బండిని కూడా ముందు ఊపి చూస్తాడు.

"ముందు చక్రం ఫోర్కుల్లో స్ప్రింగులు మార్చాలి, వెనక షాక్ కొత్తది వెయ్యాలి," అన్నాడు మేస్త్రి. "స్ప్రింగంటే చొక్కా లాంటిది మాస్టారూ. మనిషిని బట్టి ఉండాలి. నడిపే మనిషి బరువు, వెనక కూర్చునే మనిషి బరువు చెప్పండి. తెప్పిస్తాను."

చొక్కా లాంటిది అన్న ఆ ఒక్క మాట కొంప ముంచింది.

బరువు చూసే మిషను ఇంట్లో ఉంది. దాన్ని వీధి గుమ్మం లోపల కాళ్లు తుడుచుకునే పట్టా కింద పెట్టి, ముల్లు కనిపించేంత మేర పట్టాకు కిటికీ కత్తిరించాడు మాస్టరు. దర్జీ కదా, అంచులు కూడా మడిచి కుట్టాడు. తర్వాత గది తెర వెనక బోర్లా పడుకుని, తెర కింది సందులోంచి ముల్లు మీద చూపు నిలిపాడు. కాసేపటికి ఆమె బయటి నుంచి వచ్చింది. పట్టా మీద రెండు పాదాలు ఆగాయి. ముల్లు గిర్రున తిరిగి డెబ్బై నాలుగు మీద నిలిచింది.

స్కూలు కారు బ్యాటరీ చచ్చిపోతే, ఇంట్లో చార్జింగుకు పెడదామని ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చింది. తెర కింద పడుకున్న మనిషికి ఆమె చీలమండల పైన ఏముందో కనిపించే వీలు లేదు.

డెబ్బై నాలుగు. మాస్టరు చాలాసేపు లేవలేదు. ఇంత బరువు మోస్తూ ఆ మహాతల్లి ఒక్కనాడు కూడా పైకి చెప్పుకోలేదే అని ఆయన కళ్లు చెమర్చాయి. ఇక జన్మలో ఈ సంగతి ఎత్తకూడదని అక్కడే, నేల మీదే, ఒట్టు పెట్టుకున్నాడు.

కుట్టు పనిలో ఆయనకు రెండు నియమాలున్నాయి. ఒకటి, ఏ బట్టకైనా కుట్టు లోపల కొంత గుడ్డ వదలాలి, ముందు ముందు మనిషి విస్తరిస్తే విప్పుకోవచ్చు. రెండోది మర్యాద. బొజ్జ ఉన్న పెద్దమనిషి కొలత పదిమందిలో చదవాల్సి వస్తే నోటితో ముప్పై నాలుగంటాడు, కత్తెర మాత్రం ముప్పై ఎనిమిదికి పోతుంది. పనితనం తెలిసినవాడు ఎవడైనా అంతేనని ఆయన నమ్మకం.

కాబట్టి మేస్త్రికి ఫోన్ చేసి భార్య బరువు డెబ్బై నాలుగుకు కుట్టు లోపల గుడ్డ కలిపి ఎనభై ఐదన్నాడు. తన బరువు దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని అరవై ఎనిమిది అన్నాడు. అది ఆయన పెళ్లినాటి బరువు. మేస్త్రి అంత తెలివితక్కువవాడు కాడు, తనను చూసినవాడే, వినేది విని కోసేది కోస్తాడని ధీమాగా ఉన్నాడు.

మేస్త్రి తన జీవితంలో దేనికీ గుడ్డ వదిలిన మనిషి కాదు. అరవై ఎనిమిదంటే అరవై ఎనిమిదికి తెప్పించాడు. ఎనభై ఐదుకు మాత్రం పక్క పెట్టెల్లో సామాను ఉంటుంది కదా అని ఇంకొంచెం గట్టిది తెప్పించాడు.

ప్రయాణం ముందు రోజు పొద్దున స్ప్రింగులు బిగించడం అయింది. మాస్టరు ఎక్కి కూర్చోగానే బండి ముక్కు కిందికి దిగింది, తోక పైకి లేచింది. నీళ్లు తాగడానికి వంగిన దున్నపోతులాగా ఉంది వాలకం.

"ముందు కొంచెం వంగినట్టు లేదూ," అన్నాడు మాస్టరు.

"వెనక మనిషి లేరు కదా మాస్టారూ. అక్క కూర్చుంటే సమంగా సర్దుకుంటుంది."

ఆ ధైర్యంతో ఇంటికి బయల్దేరాడు. తిన్నగా పోయినంతసేపు బాగానే ఉంది. బ్రేకు నొక్కితే మాత్రం ముందు ఫోర్కులు మొదలంటా దిగిపోయేవి, వెనక సీటు ఆకాశానికి లేచేది, బండీ మనిషీ కలిసి ఎదుటివాడికి వంగి దండం పెట్టినట్టు అయ్యేది. కూడలిలో ట్రాఫిక్ పోలీసుకు అలా ఒక దండం పడింది. అతను తడబడి సెల్యూట్ కొట్టాడు. మందుల షాపు ముందు ఒక ముసలాయన, తనకు ఎన్నడూ జరగని గౌరవం జరిగినందుకు, చేతికర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. మాస్టరు ఎవరినీ నొప్పించకుండా అందరికీ గంభీరంగా తల ఊపుతూ వచ్చాడు.

ఇంటి గేటు ముందు కొత్త కారు ఆగి ఉంది. బావమరిది దాని అద్దం తుడుస్తున్నాడు. మాస్టరు అతని కాళ్ల ముందు బ్రేకు వేశాడు. అంతవరకు పడ్డ దండాలన్నిటికన్నా లోతైనది అక్కడ పడింది.

బావమరిది చలించిపోయాడు. "అయ్యో బావగారూ, అంత పని చేస్తారేంటి. మీరు పెద్దవారు. చెల్లెల్ని నా కార్లో పంపడం మీకు ఎంత కష్టమో నాకు తెలీదా."

"అది కాదు బావా, బ్రేకు..."

"ఇంకేం మాట్లాడకండి. మీరు తల వంచాక నేను మాట తప్పుతానా. రేపు పొద్దున్నే వచ్చి నేనే తీసుకెళతాను. మా అమ్మకి కూడా చెప్పేస్తాను, మీరు ఒప్పుకున్నారని."

అతను ఫోన్ తీసి అక్కడికక్కడే చెప్పేశాడు. అవతల అత్తగారు అల్లుడి సంస్కారానికి ఏడ్చిందని కూడా తెలియజేశాడు.

ఇక జాగు చేస్తే వెనక సీటు శాశ్వతంగా పోతుందని మాస్టరుకు అర్థమైంది. బండి వెనక మనిషి ఉంటే సమంగా ఉంటుందని ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఆమెను పిలవాలి. ఇంకోసారి నడుం పట్టేస్తే ఇక ఏ స్ప్రింగూ ఆయనను కాపాడలేదు. దుకాణంలో రవికెలు తొడిగి చూపించే బొమ్మ ఒకటుంది. దాన్ని వెనక సీటు మీద కూర్చోబెట్టి, బోలు కడుపులో రెండు ఇస్త్రీపెట్టెలు, పాత కుట్టుమిషను తల, తూకపు రాళ్లు కుక్కి లెక్క ప్రకారం ఎనభై ఐదు చేశాడు. అది జారకుండా గుడ్డ బెల్టుతో తన నడుముకు కట్టుకున్నాడు. తల లేని బొమ్మతో వీధిన పడితే బాగుండదని భార్య హెల్మెట్ పెట్టాడు. హెల్మెట్ పెట్టాక ఒట్టి బొమ్మలా ఉందని ఆమె నీలం కోటు కూడా తొడిగాడు. దర్జీ చేతి పని కాబట్టి కోటు అతికినట్టు కుదిరింది.

సరిగ్గా ఆ సమయానికి ఆ వీధి చివర ఆమె ఒక బ్యాంకు మేనేజరుకు కారు నేర్పుతోంది. ఆయనకు అది రెండో పాఠం. ఆమె కారు అద్దంలోంచి చూస్తే తన మొగుడు పోతున్నాడు. వెనక తన కోటు వేసుకుని, తన హెల్మెట్ పెట్టుకుని, ఎవరో ఒకావిడ ఆయనకు అతుక్కుని కూర్చుంది. నడుముకు బెల్టు కూడా ఉంది.

ఆమె గొంతు ఏ మాత్రం మారలేదు. "ఆ బండి వెనకాల పోనివ్వండి."

"రెండో గేరు ఇంకా చెప్పలేదు కదా మేడం."

"మొదటి గేరులోనే పోనివ్వండి."

"ఇండికేటరు వెయ్యాలా మేడం?"

"వెయ్యండి. ఏం చేసినా పద్ధతిగానే చేద్దాం."

అలా మొదటి గేరులో, ఇండికేటరు వేసుకుని, వెనక హారన్ల ఊరేగింపుతో ఆ కారు మోటారు సైకిలును తరిమింది. బండి మాత్రం ఇంకా దండాలు పెడుతూనే ఉంది కాబట్టి మాస్టరు కూడా నడక వేగం దాటలేదు. ఆయన తిన్నగా మేస్త్రి షెడ్డు ముందు ఆగాడు. కారు అక్కడికి చేరేసరికి బెల్టు విప్పుకోలేక, బండి మీదే కూర్చుని, బొమ్మను వీపుకు కట్టుకునే మేస్త్రితో వాదిస్తున్నాడు.

ఆమె వచ్చి హెల్మెట్ ఎత్తింది. లోపల ఎవరూ లేరు. కోటు గుండీ విప్పింది. ఇస్త్రీపెట్టె కనిపించింది.

"ఎవరండీ ఈవిడ?"

మాస్టరు తన కాళ్ల వంక చూసుకున్నాడు. "నువ్వే."

"నేనా?"

"నీ బదులు. నువ్వు రేపు నా వెనక కూర్చోవాలని. నీకు కుదుపు తగలకుండా చూద్దామని."

ఆమె ముఖం మెత్తబడింది. కోపం దాదాపు పోయినట్టే. మేస్త్రి అక్కడ నోరు మూసుకుని ఉంటే కథ వేరు.

"లెక్క ప్రకారమే కూర్చోబెట్టారక్కా," అన్నాడు మేస్త్రి సర్దిచెబుతున్నట్టు. "మీది ఎనభై ఐదు, మాస్టారిది అరవై ఎనిమిది."

కారులోంచి బ్యాంకు మేనేజరు ఇండికేటరు టక్ టక్‌మని వినిపిస్తూనే ఉంది.

షెడ్డు పక్కనే పాత ఇనుము కొనే కొట్టు, దాని ముందు పెద్ద కాటా. ఆమె చెప్పులు విడిచి దాని మీద నిలబడింది. అరవై. దిగి, మొగుడి వంక చూసింది. మాస్టరు బొమ్మను విప్పించుకుని వెళ్లి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాడు, పొట్ట లోపలికి లాక్కున్నాడు, కాటా మర్యాద తెలిసినది కాదు. ఎనభై ఎనిమిది.

"బ్యాటరీ మోసుకొచ్చిన రోజు కాళ్లపట్టా కింద ఏదో కిర్రుమంది," అంది ఆమె. "ఎలుకేమో అనుకున్నాను."

మాస్టరు తలెత్తలేదు. "నువ్వు కార్లో రాకూడదని కాదు. ఆ దారిలో ఎక్కడ ఆగాలో నువ్వు తడితేనే నాకు తెలుస్తుంది. నువ్వు లేకపోతే ఆ బండి నాకెందుకు."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన అంత పొడుగు మాట అనడం అదే మొదలు. మేస్త్రి తన వంతు గాంభీర్యంతో బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు ఊపి, వెనక ఊపి, తీర్పు చెప్పాడు.

"స్ప్రింగుల్లో తప్పు లేదు మాస్టారూ. ముందు వేసింది తేలిక మనిషికి, వెనక వేసింది బరువైన మనిషికి. మీరు కూర్చునే చోట్లే తప్పు."

"మార్చాలంటే?"

"స్ప్రింగులు తెప్పించాలంటే మళ్లీ వారం. మనుషుల్ని మార్చాలంటే ఇప్పుడే అవుతుంది."

ఆమె చేయి చాచింది. మాస్టరు తాళం ఇచ్చాడు. ఆమె ముందు, ఆయన వెనక కూర్చున్నారు. బండి ముక్కు లేచింది, తోక దిగింది, మొత్తం పరుపు మీద కూర్చున్నట్టు సమంగా సర్దుకుంది. షెడ్డు ముందున్న గుంతలన్నిటి మీద ఒక చుట్టు తిరిగి వచ్చినా ఎవరి నడుముకూ తెలియలేదు.

మర్నాడు పొద్దున బావమరిది కారు తుడుచుకుని వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయి చాలాసేపైంది. దారిలో స్పీడ్ బ్రేకర్లన్నీ వచ్చాయి, పోయాయి. ఆమె ఎక్కడా అనవసరంగా బ్రేకు వేయలేదు, మాస్టరు రెండు చోట్ల మాత్రం ఎడమ భుజం తట్టి ఆపించాడు. లైట్‌హౌస్ కింద ఆమె ఇంజను కట్టేసి, దిగండి అంది.

రెండు పక్కలా పెట్టెలు, వెనక సామాను మూట, ముందు ఆవిడ. కాలు ఎటు నుంచి తీయాలో తెలియక మాస్టరు సముద్రాన్ని చాలాసేపు బండి మీద నుంచే చూశాడు.