గబ్బు చేసిన మేలు

గబ్బును తిట్టేవాళ్ళు కృతఘ్నులు! ఊరికి అసలు బోర్డు అదే. పంతొమ్మిది వందల ఎనభైలో ఆళ్ళగడ్డ బస్సులో కునుకుతున్న ముసలాయన, ఎవరూ లేపకుండానే తన ఊరొచ్చిందని మూట అందుకునేవాడంటే అది ఎవరి చలువ? కండక్టరుదా? కాదు, మురుక్కాలువది.

ఆ కాలువ గట్టునే శాంతయ్య ఇల్లు. శాంతయ్య నోట్లోంచి మాట రావాలంటే పగ్గం వేసి లాగాలి. పుట్టి పెరిగింది ఆ గాలిలోనే గనక, ఆయన ముక్కు ఎప్పుడో రాజీ పడిపోయింది. కానీ చాగలమర్రిలో ఇచ్చిన కూతురు సలోమి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ముద్ద నోట్లో పెట్టడం, కాలువ మీది గాలి తగలడం, దొడ్లోకి పరుగెత్తడం. నాలుగో రోజుకు పెట్టె సర్దింది.

"నాయనా, ఈడ నాకు కూడు ఇమడల్యాదు. నేను పోతా."

తొలికాన్పు అత్తగారింట్లో జరిగితే పుట్టింటి పేరు గబ్బు లేవదూ? చూశారా, గబ్బనే మాటే లేకుంటే పరువు పోయిందని చెప్పుకోవడానికి కూడా మనకు దిక్కులేదు!

శాంతయ్య కూతురిని పది రోజులు గడువడిగి, కాలువ బాగుచేయించమని అర్జీ రాయించడానికి బడి అయ్యవారు జ్ఞానప్రకాశం దగ్గరికి పోయాడు. అయ్యవారు 'కంపు' అని రాసి కొట్టేశారు. పూర్వం కంపంటే మంచి వాసనేనట, కన్నడం వాళ్ళకు ఇప్పటికీ అంతేనట. మన కాలువల పక్కన కాపురం చేసి పాపం ఆ మాట చెడిపోయింది! 'వాసన' అందామంటే మల్లెపూలకూ అదే. 'గబ్బు' అంటే ఆఫీసరుకు మర్యాద కాదు. చివరికి 'దుర్గంధం' అని రాసి చదివి వినిపించారు.

శాంతయ్య ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఆ మాటకు గబ్బే ల్యాదు కదా, అయ్యవారూ."

అయినా అర్జీ నంద్యాలకు పోయింది. సోమవారం శానిటరీ ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురొచ్చింది. ఇంక చూడాలి ఊరి సంబరం! ఇంటికొచ్చే మనిషికి గబ్బు చూపిస్తామా? పంచాయతీ గుమాస్తా మాధవయ్య మనుషుల్ని దింపి కాలువ పూడిక తీయించాడు. దారికి రెండు పక్కలా సున్నం చల్లించాడు. ఆడవాళ్ళు సాంబ్రాణి పొగ వేశారు. అర్జీ పెట్టిన శాంతయ్య కూడా, మొహమాటానికి, తానూ ఒక పార పట్టాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుండెనిండా గాలి పీల్చాడు. మజ్జిగ తాగి, అర్జీ మీద 'దుర్గంధం లేదు' అని రాసి జీపెక్కాడు.

అబద్ధపు అర్జీ పెట్టి ఊరిని గబ్బు పట్టించినాడని అందరూ శాంతయ్యను దులిపేశారు. ఆయన తలుపు సందులోంచి ఇంట్లోకి చూస్తున్నాడు. సలోమి రెండోసారి అన్నం పెట్టించుకుంటోంది.

వారం తిరిగేలోగా కాలువ మళ్ళీ తన గొంతు తాను అందుకుంది. సలోమి మళ్ళీ పెట్టె వైపు చూసింది. శాంతయ్య తువ్వాలు భుజాన వేసుకుని మాధవయ్య ఇంటికి పోయాడు.

"అప్పా, సోమవారం ఆయప్ప మళ్ళీ వస్తాండాడంట."

మాధవయ్య అప్పటికప్పుడే పారలు తెప్పించాడు. సోమవారం ఎవరూ రాలేదు. పై సోమవారం తప్పకుండా వస్తాడంట, అన్నాడు శాంతయ్య.

సలోమికి ఆడపిల్ల పుట్టేలోగా ఆ ఇన్‌స్పెక్టరు ఇట్లా ఎనిమిది సార్లు 'వచ్చాడు'. ఊళ్ళో మూడొందల ముక్కులున్నాయి. పార లేచింది మాత్రం నంద్యాలలో ఉన్న ఆ ఒక్క ముక్కు కోసమే.